ఓడినవారికి రెండవ ఆట

ఛందస్సు, శాసనాలు, పాత నిఘంటువులు నాకు అలవాటైన దారులు. ఈ పంతులు ఆటస్థలంలోకి ఎందుకు వచ్చాడని మీరు ఆశ్చర్యపోవచ్చు. కారణం చిన్నది. నా పూర్వ విద్యార్థిని కుమార్తె అమెరికాలో ఒక చిన్న కళాశాలలో చదువుతూ 'లాక్రాస్' అనే ఆట ఆడుతున్నది. "మా కాన్ఫరెన్స్‌లో మేమే ఆఖరు, అయినా వచ్చేవారం మళ్ళీ ఆట ఉంది" అని ఆ పిల్ల తల్లితో చెప్పిందట. ఓడినవారికి వచ్చేవారం ఆట ఎక్కడినుండి వచ్చింది? ఆ ప్రశ్నే నన్ను ఈ చరిత్రలోకి లాగింది.

ముందుగా ఆట సంగతి. పొడవైన కర్ర, దాని కొసన ఒక చిక్కం. ఆ చిక్కంలో బంతిని పట్టి, పరుగెత్తుతూ, తోటివారికి విసరుతూ, ఎదుటిపక్షం గోలులో వేయాలి. ఇది ఉత్తర అమెరికా మూలవాసుల ఆట. హౌడెనొసౌనీ జాతులవారు దీనిని సృష్టికర్త ప్రసాదించిన ఆటగా, రుగ్మతలను పోగొట్టే మందుగా భావిస్తారు. ఈ ఆటకు 'లా క్రాస్' అనే పేరు ఫ్రెంచివారు పెట్టినది. వంపు కర్ర అని దాని అర్థం. 1867లో మాంట్రియల్ దంతవైద్యుడు జార్జ్ బీర్స్ దీని నియమాలను అక్షరబద్ధం చేశాడు. 1880 నాటికి కెనడా సంఘంవారు ఆ మూలవాసులనే తమ పోటీలనుండి వెలివేశారు. ఎవరు ఆడవచ్చు, ఎవరు ఆడరాదు అన్న తగవు ఈ ఆటకు పుట్టుమచ్చ వంటిది.

స్త్రీల లాక్రాస్ మరొక తోవన వచ్చింది. స్కాట్లండులోని సెయింట్ లెనర్డ్స్ బాలికల పాఠశాలకు తొలి ప్రధానోపాధ్యాయిని అయిన లూయిసా లమ్స్‌డెన్ 1884లో కెనడాలో ఈ ఆట చూసి ముచ్చటపడింది. 1890లో ఆ పాఠశాల బాలికలు తొలిసారి ఆడారు. అక్కడే చదువుకున్న రోజబెల్ సింక్లెయిర్ 1926లో అమెరికాలోని బాల్టిమోర్‌లో బ్రిన్ మార్ బాలికల పాఠశాలలో జట్టును కట్టింది. సముద్రం దాటిన ఆట, బడిపంతులమ్మల చేతులమీదుగా మళ్ళీ సముద్రం దాటి పుట్టినగడ్డకు చేరిందన్నమాట! ఒక ఉపాధ్యాయునిగా నాకు ఇది గర్వకారణం.

ఇక కాన్ఫరెన్స్. సభ, సమావేశం అనే అర్థం ఇక్కడ పొసగదు, క్రీడాకూటమి అందాం. ఇరుగుపొరుగు కళాశాలలు, ఇంచుమించు ఒకే స్థాయివి, కూటమిగా ఏర్పడి ఏటా ఒకరితో ఒకరు తప్పక ఆడాలని ఒప్పుకుంటాయి. ప్రయాణాలు దగ్గరివి, ఖర్చు తక్కువ, ఆటల పట్టిక ముందే సిద్ధం. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో 1980లలో ఎనిమిది విద్యాసంస్థలు 'న్యూ ఇంగ్లండ్ విమెన్స్ ఎయిట్' పేరిట స్త్రీల క్రీడలకోసమే కూటమి కట్టాయి. వాటిలో స్మిత్, వెల్స్‌లీ, మౌంట్ హోలియోక్ మహిళా కళాశాలలు. 1998లో పురుషుల క్రీడలనూ చేర్చుకొని అది పేరు మార్చుకుంది. ఇటువంటి కళాశాలలు అక్కడి మూడవ శ్రేణిలోనివి. ఆ శ్రేణిలో ఆటకుగాను విద్యార్థివేతనం ఇవ్వరు. ఆడేవారు ఆటకోసమే ఆడాలి.

చిన్నవి గనుక చేతకానివి అనుకోరాదు. జాతీయ కళాశాలల క్రీడాసంఘం 1982లో నిర్వహించిన తొలి స్త్రీల లాక్రాస్ పోటీలో అంతిమ ఆటకు చేరిన ట్రెంటన్ స్టేట్ చిన్న కళాశాలే. 9–6తో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడింది. 1985లో మూడవ శ్రేణికి వేరుగా పోటీ పెట్టగా తొలి విజేత అదే అయింది.

అయితే ఈ కథలో ఒక నష్టం కూడ ఉంది. 1971లో స్త్రీలే స్థాపించి, స్త్రీలే నడిపిన కళాశాల మహిళల క్రీడాసంఘం ఒకటి ఉండేది. ఒక దశలో తొమ్మిది వందలకు పైగా కళాశాలలు అందులో సభ్యులు. విద్యలో లింగవివక్షను నిషేధిస్తూ 1972లో చట్టం వచ్చింది. ఆడపిల్లల జట్లు పెరిగాయి, డబ్బు వచ్చింది. దానితోపాటే పురుషుల చేతిలోని పెద్ద సంఘం స్త్రీల పోటీలనూ తానే చేపట్టింది. 1982 తరువాత స్త్రీల సంఘం మూతపడింది. 1972లో మహిళా జట్లకు శిక్షకులలో నూటికి తొంభైమందికి పైగా స్త్రీలే. 2012 నాటికి నలభై మూడుమందికి తగ్గారు. ఆడేవారు పెరిగారు, నిర్ణయించే పీటలు చేజారాయి.

ఇప్పుడు మన ఊళ్ళవైపు చూద్దాం. మా ప్రాంతపు కళాశాలలు ఉస్మానియా నీడనుండి 1976లో కాకతీయ, 2008లో శాతవాహన విశ్వవిద్యాలయాల నీడకు మారాయి. అంతర్‌కళాశాల పోటీలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కాని వాటి లక్ష్యం సాధారణంగా విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేయడం. రెండు మూడు రోజులలో ముగుస్తాయి. ఓడితే ఇంటికే. ఏడాది పొడుగునా సాధన చేసిన ఖోఖో జట్టు ఒక్క ఆట ఆడి, సాయంత్రం బస్సెక్కి వస్తుంది. ఆ ఓటమిలో నేర్చుకున్నది చూపడానికి మరుసటి వారం ఉండదు. మన పద్ధతి గెలిచేవారిని వెదుకుతుంది. కూటమి పద్ధతి ఆడేవారిని నిలుపుతుంది. చిన్న కళాశాల ఆడపిల్లకు కావలసినది పతకానికంటె ముందు రెండవ ఆట.

ఇది మనకు ఎరుగని సంగతి కాదు. సింగరేణిలో ఏరియాకు ఏరియాకు మధ్య కార్మికుల ఆటలు జరగడం బొగ్గుబాయి ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. కళాశాలకు ఆ దారి ఎందుకు కూడదు? కమాన్‌పూర్ చుట్టూ గోదావరిఖని, మంథని, పెద్దపల్లి, సుల్తానాబాద్ ఉన్నాయి. పొద్దున వెళ్ళి మాపటికి రాగల దూరాలు. ప్రయాణపు ఖర్చు అనే పాత అడ్డంకి కూడ 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణంతో తొలగింది. చిక్కపు కర్రలు అక్కరలేదు. ఖోఖో, కబడ్డీ చాలు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్‌ను మన ఆడపిల్లలే గెలిచారు కదా!

నాలుగు కళాశాలలు, నెలకొక్క ఆట, ఎవరూ మధ్యలో ఇంటికి పోనక్కరలేని పట్టిక. దానిని నడిపే పీటలమీద మాత్రం మహిళా అధ్యాపకులే కూర్చోవాలి. అమెరికా కథ నేర్పిన రెండవ పాఠం ఇదే.

మీ మీ జిల్లాలలో ఇటువంటి ప్రయత్నం జరిగి ఉంటే వ్యాఖ్యలలో తెలుపగలరు. చేసి చూసినవారి అనుభవం నా వంటివాని ఊహకంటె విలువైనది.

స్వస్తి.