పాత వైట్ వైన్, పాత బియ్యం

నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా బియ్యం కొనేటప్పుడు మీరు మొదట అడిగేది ఒక్కటే: కొత్తవా, పాతవా? కొత్త బియ్యం ముద్దవుతుందనీ, త్వరగా అరగదనీ మన పెద్దల మాట. చరక సంహిత సూత్రస్థానంలోని 27వ అధ్యాయం కూడా ఏడాది నిలువ ఉన్న ధాన్యమే శ్రేష్ఠమన్నది. మద్యం విషయంలోనూ అదే అధ్యాయం అదే తీర్పు చెప్పింది: కొత్తది గురువు, దోషాలను రేపుతుంది; పాతది లఘువు, ఆకలిని పెంచుతుంది. ఈ మాటను ఆధారం చేసుకొని, పాత వైన్ ఔషధమేనని నాతో వాదించినవారున్నారు.

ద్రాక్షమద్యం మన గ్రంథాలకు కొత్త కాదు. ద్రాక్షరసంతో చేసిన 'మధువు'ను పుట్టిన చోటును బట్టి కాపిశాయనం, హారహూరకం అంటారని అర్థశాస్త్రం చెబుతున్నది. కాపిశి నేటి కాబూలుకు ఉత్తరాన ఉండేది. అయితే వైట్ వైన్ ఎంతకాలం నిలువగలదో తెలియాలంటే జర్మనీ వైపు చూడాలి. 1540లో ఐరోపా ఎండలకు మాడిపోయింది. ఆ ఏడు వుర్ట్స్‌బుర్గ్‌లోని స్టైన్ కొండ ద్రాక్షతో చేసిన వైన్ సీసాను 1961లో లండనులో తెరిచారు. 421 ఏళ్ల ఆ ద్రవంలో ఇంకా ప్రాణం ఉన్నదని, రుచి చూసిన రచయిత హ్యూ జాన్సన్ రాశారు. గాలి తగిలిన కొద్ది నిమిషాలకే అది చెడిపోయింది.

అంతకాలం దానిని కాపాడినవి ముఖ్యంగా పులుపు, తీపి. రెడ్ వైన్ ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. వైట్ వైన్ మాత్రం బంగారు రంగుకూ, ఆపై తేనె రంగుకూ తిరుగుతుంది. పాత రీస్లింగ్‌లో తేనె వాసనతో పాటు కిరసనాయిలు వాసన కూడా వస్తుంది. దానిని గుణంగా మెచ్చుకొనేవారున్నారంటే మీకు నవ్వు రావచ్చు! రసజ్ఞులు తొందరపడరు. రంగు చూసి, వాసన పీల్చి, ఒక్క గుక్కను నాలుకపై నిలిపి, పులుపు ఇంకా బతికి ఉన్నదా అని పరీక్షిస్తారు. అనేక రకాలు చూడవలసి వస్తే ఉమ్మివేస్తారు కూడా.

ఇక వైద్యుని మాట. బిరడా బిగించిన సీసాలో వయసు మార్చేది రంగును, వాసనను, రుచిని. ఆల్కహాలు దాదాపు అలాగే ఉంటుంది. ఆల్కహాలు పానీయాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. పాతవాటికి మినహాయింపు ఇవ్వలేదు. విధి ప్రకారం, మితంగా సేవిస్తే మద్యం అమృతమన్న చరకుడే, చికిత్సాస్థానంలో 24వ అధ్యాయాన్ని పూర్తిగా మదాత్యయానికి, అంటే తాగుడు తెచ్చే రోగాలకు కేటాయించాడు. నాతో వాదించినవారెవరూ అంతదూరం చదివినట్లు లేదు.

పాత సోనా బియ్యం సంగతీ ఇంతే. అన్నం పొడిపొడిగా వస్తుంది. పిండిపదార్థం మాత్రం తగ్గదు. షుగరు ఉన్నవారు రెండోసారి వడ్డించుకొనే ముందు ఇది గుర్తుంచుకోండి.