వైద్య కళాశాలల్లో విజ్ఞానశాస్త్ర బోధన: తెలంగాణలో సంస్కరణలు

శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం వంటి మూల శాస్త్రాలను వైద్య విద్యార్థికి ఏ దశలో, ఏ భాషలో, ఏ తీరున నేర్పాలన్న విషయంలో తెలంగాణ ప్రాంతంలో వచ్చిన మార్పుల చరిత్ర ఇది. ఈ మార్పులకు ముందు శతాబ్దాల పాటు ఆయుర్వేద, యునానీ విద్యలు గురువుల వద్ద, వైద్యుల కుటుంబాల్లో సాగాయి.

1846లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో హైదరాబాదు మెడికల్ స్కూలు ఏర్పడింది. పాశ్చాత్య వైద్యాన్ని అక్కడ ఉర్దూలో బోధించేవారు. 1880ల మధ్యలో ఎడ్వర్డ్ లారీ ప్రిన్సిపాల్ అయ్యాక బోధన ఇంగ్లిషులోకి మారింది, 1885లో స్త్రీలకూ ప్రవేశం దొరికింది. వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని పలువురు చెబుతారు.

లారీ ఎడింబరోలో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యుడు. మత్తుమందు క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి ఉండాలన్నది సైమ్ బోధ. లారీ దాన్ని పాఠంగా చెప్పి ఊరుకోక పరీక్షకు పెట్టాడు. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్ పనిచేసింది. దాని ఫలితాలను లండన్ ‘లాన్సెట్’ పత్రిక ఒప్పుకోకపోవడంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. 1889 నాటి రెండో కమిషన్‌లో లారీ, బ్రంటన్‌లతో పాటు జెరాల్డ్ బాంఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులు. 400కు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగాయి. గుండె కన్నా ముందు ఊపిరే ఆగుతుందని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి మత్తులోనూ గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చని చూపడంతో ఆ నిర్ణయం నిలవలేదు. అయినా ఒక సంస్థాన వైద్య పాఠశాల ప్రయోగశాలగా మారిన ఘట్టం అది.

1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనను మళ్లీ ఉర్దూలోకి తెచ్చింది. అనువాద సంస్థ దారుల్ తర్జుమా శాస్త్ర గ్రంథాలను సిద్ధం చేసింది. వైద్యం వరకూ సాగిన ఈ సాహసం 1948 తర్వాత ఆగిపోయింది.

బోధన దశల విషయానికొస్తే, అమెరికాలో 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక బలపరిచిన నమూనా, ముందు ప్రయోగశాల, తరువాత ఆసుపత్రి, ఇక్కడా దశాబ్దాలు నడిచింది. ఏడాదిన్నర పాటు రోగి ముఖం చూడకుండానే చదువు సాగేది. దేశవ్యాప్త వైద్య విద్యకు 1997లో వచ్చిన నిబంధనలు ఆ గడువును ఏడాదికి తగ్గించాయి.

2019లో వచ్చిన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక ఇంకా లోతైనది. ఉపన్యాసాలు మొత్తం సమయంలో మూడో వంతు మించరాదు. హిమోగ్లోబిన్ పాఠం నడిచే రోజుల్లోనే రక్తహీనత ఉన్న మనిషిని విద్యార్థి చూడవచ్చు. 2013లో నిజామాబాదులో, 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక ఆ జిల్లాల్లోని కోటగిరి, బాన్సువాడ ప్రాంతాల రోగులకూ ఈ బోధనతో నేరుగా సంబంధం ఏర్పడింది. చదువు మొదట్లో జరిగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష కూడా ఒక పాఠం: ఇంగ్లిషులో చదివే విద్యార్థి, రోగి బాధను తెలుగులో అడిగి తెలుసుకోవడం అక్కడే మొదలుపెడతాడు.