నల్లని తెర చరిత్ర

గరివిడి అనగానే మాంగనీసు ఖనిజము, ఫెర్రో మిశ్రలోహముల కొలుములు జ్ఞప్తికి వచ్చును. 2020 మార్చిలో కోవిడ్ కారణముగా రాష్ట్రమంతటి వలెనే విజయనగరం జిల్లాలోని ఈ ఊరిలోను బడులు మూతపడినవి. తెరపై పాఠము చూపుచు, దానిని రికార్డు చేసి విద్యార్థులకు పంపవలసిన అవసరము ఉపాధ్యాయులకు కలిగినది. ఈ పనికి ఉచితముగా దొరకు ఓబీఎస్ అను సాఫ్ట్‌వేరును ప్రపంచమంతటా అనేకులు వాడిరి. అయితే కొన్ని ల్యాప్‌టాపులలో మాట చక్కగా రికార్డు అగును, బొమ్మ మాత్రము కటిక నలుపు! గంటసేపు చెప్పిన పాఠము వృథా. చాలమంది కార్డు చెడినదనుకొందురు. చెడినది ఏదియు లేదు. ఇది ఎట్లు సంభవించినదో చూతము.

1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన ఎండీఏ అను కార్డు అక్షరములనే చూపగలిగెడిది: వరుసకు 80 చొప్పున 25 వరుసలు. అక్షరమునకు రెండు బైట్లు చొప్పున మొత్తము 4,000 బైట్లు. ప్రాసెసరు ఆ జ్ఞాపకశక్తిని తిన్నగా చదువగలదు కనుక తెరకు నకలు తీయుట సులువు.

2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టా నుండి తెరమీది కిటికీలను కూర్చు పని గ్రాఫిక్స్ కార్డు చేతికి పోయినది. 2010లో ఎన్‌విడియా సంస్థ ఆప్టిమస్ అను ఏర్పాటును తెచ్చినది. బ్యాటరీ ఆదా కొరకు ల్యాప్‌టాపులో రెండు గ్రాఫిక్స్ చిప్పులుండును. ఒకటి పొదుపరి, రెండవది బలశాలి. తెర సామాన్యముగా పొదుపరికే కలిపియుండును.

2012లో విండోస్ 8 తెర నకలునకు ఒక క్రొత్త మార్గము చూపినది. హ్యూ బెయిలీ ఓబీఎస్ రచనకు పూనుకొన్నదియు ఆ యేడే. ఆ మార్గమునకు ఒక నిబంధన కలదు: తెర ఏ చిప్పుదో, నకలు తీయు సాఫ్ట్‌వేరు ఆ చిప్పు పైననే నడువవలెను. ఓబీఎస్ బలశాలిపై నడిచినచో, సరకు గరివిడి గోదాములో ఉండగా చీపురుపల్లి గోదాములో వెదకినట్లగును. దొరకునది నలుపే.

2018 నుండి విండోస్ 10 గ్రాఫిక్స్ సెట్టింగులలో ఏ సాఫ్ట్‌వేరు ఏ చిప్పుపై నడువవలెనో మనమే నిర్ణయింపవచ్చును. ఓబీఎస్‌ను పొదుపు చిప్పునకు మార్చి, మూసి తెరచినచో తెర కనబడును. ఈ చిట్కా ఎందరికి తెలిసినదో! చిప్పు ఏదైనను తెరను పట్టగల ఓబీఎస్ 27 వచ్చుసరికి 2021 జూన్ అయినది. అప్పటికి ఒక విద్యాసంవత్సరము గడచిపోయినది.

బొమ్మ దొరికినను వేరొక చిక్కు కలదు. 1920 × 1080 చుక్కల తెరకు, చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 30 బొమ్మలు లెక్కకట్టుడు: సెకనుకు ఇంచుమించు 18 కోట్ల 66 లక్షల బైట్లు! దీనిని కుదింపక పంపుట అసాధ్యము. ఆ పనికై 2012 నుండి ఎన్‌విడియా చిప్పులలో ఎన్వెంక్ అను ప్రత్యేక భాగము ఉన్నది. డ్రైవరు పాతదైనచో ఓబీఎస్ ఆ భాగమును తెరువజాలక దోషము చూపును. క్రొత్త డ్రైవరు వేయవలెను. అంత తీరిక లేనిచో ఎక్స్264ను ఎన్నుకొనిన కుదింపు పని ప్రాసెసరు చేయును. యంత్రము కొంత వేడెక్కును గాని పాఠము నిలుచును.