చైనా సిరా పూలు: రంగు లేని చోట రాజకీయం

మన కార్టూనిస్టులు, డ్రాయింగ్ మాస్టార్లు ‘ఇండియన్ ఇంక్’ అనే నల్ల సిరాకు పేరు మనదే అయినా, దాన్నే నమ్ముకుని ఒక మహా చిత్రకళా సంప్రదాయాన్ని నిర్మించింది చైనా. అందులో పూలూ పక్షులూ వెయ్యేళ్లుగా ఒక ప్రత్యేక శాఖ.

దీపపు మసినో, దేవదారు జాతి కట్టెల మసినో జంతువుల జిగురుతో కలిపి సిరా కడ్డీలు చేస్తారు. వాటిని రాతి మీద నీటితో అరగదీసి వాడతారు. కాగితం అన్హుయ్ రాష్ట్రపు ‘షువాన్’. చింగ్‌తాన్ చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి దీన్ని తయారుచేస్తారు. ఈ విద్యను 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ కాగితం తడిని వెంటనే పీల్చేస్తుంది. పడిన గీతను చెరిపి దిద్దడం కుదరదు.

పద్ధతులు ప్రధానంగా రెండు. సన్నని గీతలతో ప్రతి రేకునూ తీర్చేది గోంగ్‌బీ. నాలుగైదు కుంచె దెబ్బల్లో పువ్వు స్వభావాన్ని పట్టేది షియేయి. ఎర్రని పూలకు నల్లని ఆకులు జోడించిన చీ బైషి (1864-1957) రెండో దారి మనిషి.

పువ్వు ఇక్కడ అలంకారం మాత్రమే కాదు. సోంగ్ రాజ్యం మంగోలుల వశమయ్యాక జెంగ్ సిషియావ్ 1306లో గీసిన ఆర్కిడ్‌కు కింద మట్టి లేదు. నేల పరాయివాళ్ల పాలైందన్నది అందులోని మాట. పాలకులకూ ఈ భాష తెలుసు. 1974లో బీజింగ్‌లో ‘నల్ల చిత్రాలు’ అని ముద్రవేసి, దోషులను నిలబెట్టినట్టుగా ఒక ప్రదర్శన పెట్టారు. లీ కూచాన్ గీసిన ఎనిమిది తామరలు, అప్పటి ఎనిమిది ‘ఆదర్శ’ విప్లవ నాటకాలను వెక్కిరిస్తున్నాయని ఆరోపించారు.

ఆ తర్వాతి తరంలో జౌ సిచోంగ్ (1939-1996) కథ వేరు. జపాన్ ఆక్రమణ కాలపు గని కార్మికుల బాధలను పెద్ద చిత్రాలుగా గీస్తుండగా కీళ్లవాతం ఆమె చేతులను వంకర్లు తిప్పింది. చివరి ఏళ్లలో ఆమె తామరల వైపు మళ్లారు. బూడిదరంగు పలుచని సిరాలో ఆకులు పొగమంచులా కరిగిపోతాయి, పువ్వు లీలగా కనిపిస్తుంది. గట్టి గీత గీయలేని చెయ్యి తడినే తన భాషగా చేసుకుంది. నేటి సిరా చిత్రకళ గురించి మాట్లాడేవారు ఈ తామరలను దాటి పోలేరు.

ఈ కళతో మనకూ చుట్టరికం ఉంది. 1924లో రవీంద్రుడితో కలిసి నందలాల్ బోస్ చైనా వెళ్లారు. చైనా చిత్రకారుడు షూ బెయ్‌హోంగ్ 1939-40లో శాంతినికేతన్‌లో గడిపారు. మన కొండపల్లి శేషగిరిరావు ఆ నందలాల్ దగ్గరే చదువుకున్నారు.

సిరా తామరను చూసేటప్పుడు ఏ రంగు లేదో వెతకనక్కర్లేదు. గీత ఎక్కడ ఆగింది, నీరు ఎంతదూరం పాకింది, కాగితాన్ని ఎక్కడ ఖాళీగా వదిలారు అన్నవి గమనిస్తే చాలు. చిత్రకారుడు చెప్పినదీ, చెప్పలేకపోయినదీ అక్కడే ఉంటాయి.