ఉత్తరాలు చదివే వయసు, ఫోను పట్టే వయసు

మా అమ్మాయికి పన్నెండేళ్లు నిండాయి. ఏడో తరగతి. "క్లాసులో నాకు తప్ప అందరికీ ఫోనుంది నాన్నా" అని నెలరోజులుగా ఒకటే గోల. (అందరికీ అంటే ముగ్గురికి అని విచారణలో తేలింది, అది వేరే సంగతి.) ఆఫీసులో భోజనాల దగ్గర ఈ మాట తీస్తే తలా ఒక నంబరు చెప్పారు. ఒకాయన పదమూడు అన్నాడు. ఇంకొకాయన పదో తరగతి పరీక్షలయ్యాక అన్నాడు. ఒకావిడైతే ఇంటర్ అయ్యేదాకా ఆ ఊసే ఎత్తొద్దంది. ఆ నంబరు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. పాత కోడులో ఎవరో పెట్టి వెళ్లిపోయిన కాన్‌స్టెంట్ లాగా, అలా ఉంది, ఉంది కాబట్టి ఉంది.

చివరికి శ్రీకాకుళానికి ఫోన్ చేసి మా అమ్మనడిగాను. ఆవిడ నవ్వింది. "నాలుగో తరగతికే వీధిలోవోళ్ల ఉత్తరాలన్నీ నువ్వే సదివీవోడివి కదరా. అప్పుడెవులడిగినారు నీ వయసెంతని?"

ఆ మాట దగ్గర ఆగిపోయాను. నిజమే కదా. ఫోన్ అనేది కొత్త వస్తువేమో గానీ, దూరంగా ఉన్నవాళ్లతో ఇంటిని కలిపే పనిని పిల్లల చేతిలో పెట్టడం మా వైపు కొత్తేమీ కాదు.

మా జిల్లా నుంచి మనుషులు బయటికి పోవడం ఇవాళ్టిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడెక్కి రంగూన్ పోయేవారు. మావాళ్లు దాన్ని 'రంగం' అనేవారు. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మొయ్యడానికి. 1942లో జపాన్‌వాళ్లు బర్మా మీద పడ్డాక అందులో చాలామంది కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చారు. ఈలోగా రైలొచ్చింది, ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపు వచ్చింది. 'శ్రీకాకుళం రోడ్' అని బోర్డుండే ఆమదాలవలస స్టేషన్లో బండెక్కితే తెల్లారేసరికి అక్కడ. ఇప్పటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు బాగానే వినపడుతుంది. తర్వాత్తర్వాత మద్రాసు, హైదరాబాదు, గల్ఫు. గంగపుత్రులైతే గుజరాత్ ఒడ్డున వేరావల్.

వెళ్లినవాడు ఉత్తరం రాయాలి. (వాడికీ రాదు, ఎవరిచేతో రాయించాలి.) 1879లో పోస్టుకార్డు వచ్చినప్పుడు దాని ఖరీదు పావు అణా. వచ్చిన ఉత్తరాన్ని ఇంట్లో ఎవరు చదవాలి? 2011 జనాభా లెక్కల్లో కూడా శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత దాదాపు 62 శాతం, విజయనగరం 59. అంతకు పాతికేళ్ల ముందు, నా చిన్నప్పుడు, మా వీధి నడివయసు ఆడవాళ్లలో చదవడం వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి బడికెళ్లే గుంటడే దిక్కు. నాలుగో తరగతా, ఐదో తరగతా అని కాదు, గుణింతం దాటి వత్తులు కూడబలుక్కోకుండా చదవగలిగితే చాలు, ఉద్యోగం ఇచ్చేసినట్టే. జీతం బెల్లం ముక్క.

ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ ఉత్తరం నాది కాదు. నేను ఇంటి కోసం, వీధి కోసం పట్టుకున్నాను. అరుగు మీద కూర్చుని గట్టిగా చదవాలి. చుట్టూ పదిమంది. కార్డైతే అప్పటికే పోస్టుమాను చదివేసి ఉంటాడు. రహస్యం అనేదే లేదు. పిల్లాడి చేతిలో ఉన్నది వాడొక్కడికే కనపడేది కాదు, అందరికీ వినపడేది.

పాతకాలమే బంగారం అని చెప్పడానికి ఇదంతా రాస్తున్నానని అనుకోకండి. 1986లో జరిగింది చెప్తాను. నాకు తొమ్మిదేళ్లు. వీధి చివర ఒక ముసలావిడ, ఆవిడ చిన్నకొడుకు ఖరగ్‌పూర్‌లో. పెద్దకొడుకు పేరున నీలం రంగు ఇన్‌లాండ్ కవరొచ్చింది. అతను పొలం వెళ్లాడు. ఆవిడ ఆగలేక నన్ను పిలిచింది. అరుగెక్కి గడగడా మొదలెట్టాను. క్షేమం, క్షేమమని తలుస్తాను, మామూలే. తర్వాత, రెండు నెలలుగా ఆస్పత్రిలో ఉన్నాను, నెత్తురు పడుతోంది, పని పోయింది, డబ్బు పంపలేను. అదే ఊపులో చదివేశాను. ఆ కింద లైను: "ఈ సంగతి అమ్మకి చదివి వినిపించకండి."

అది కూడా గట్టిగానే చదివాను.

మొత్తం ఫైలు చూడకుండా లైనుకి లైను ఎగ్జిక్యూట్ చేసుకుంటూ పోయే ఇంటర్‌ప్రెటర్‌ని నేను. ఆవిడ ఏడవలేదు. నా చేతిలోంచి కవరు తీసుకుని, మడతల మీదే మడిచి, బొడ్డున దోపుకుంది. బెల్లం మాత్రం ఇచ్చింది. ఆ రోజు ఆ బెల్లం తినలేక గోడ అవతల పారేశాను. అక్షరాలు చదవడానికి నాకు వయసొచ్చింది. ఆ ఉత్తరం చదవడానికి రాలేదు. ఈ రెండూ వేరని చెప్పినవాళ్లు లేరు, ఎందుకంటే ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. ఇంటికి అవసరం, పిల్లాడికి చదువొచ్చు, అంతే.

ఉత్తరాల తర్వాత ఎస్టీడీ బూతు. 1984లో సీ-డాట్ పెట్టాక ఎనభైల చివరికి పసుపు బోర్డులు టౌనులో మొలిచాయి, తొంభైల్లో మా ఊరి సెంటర్ దాకా వచ్చాయి. రాత్రి పదకొండు దాటితే పావు రేటు. ఆ క్యూలో నిలబడ్డవాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కడా పిల్లలే. అంకెలు నొక్కడం పెద్దవాళ్లకి భయం, కోడు కొట్టి రిసీవర్ చెవికి పెట్టేది మేం. ఎర్ర అంకెలతో మీటరు తిరుగుతుంటే ఎవరి నోటా అనవసరపు మాట వచ్చేది కాదు. బూతు తలుపు వేసుకున్నా లోపలి మాట బయటికి వినపడేది.

ఇదీ అంత మంచిదేం కాదు. పెళ్లయి వెళ్లిన మా అప్ప ఎప్పుడు మాట్లాడినా "బాగానే ఉన్నాను" అనేది. అక్కడ బూతు నడిపేది మా బావ తరఫు వాళ్లే. ఆ 'బాగానే' వెనక ఏముందో మాకు తెలియడానికి ఏడాది పట్టింది. చేతిలో తనదంటూ ఒక ఫోనుంటే వారం పట్టేది కాదు. కాబట్టి నలుగురిలో మాట్లాడితేనే భద్రం అనేవాళ్లతో నేను ఏకీభవించను.

సెల్‌ఫోను సంగతి మీకు తెలిసిందే. 1995లో దేశంలో మొదలైనప్పుడు నిమిషానికి పదహారు రూపాయలు, వచ్చే కాల్‌కి కూడా చెల్లించాలి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయింది, అదే ఏడాది నోకియా 1100 వచ్చింది. మా ఊళ్లో ఫోన్ అంటే అసలు అప్పుడే పుట్టింది. అయినా ఇంటికి ఒకటే, గూట్లో దేవుడి పటం పక్కన. పిల్లాడి పని మిస్డ్ కాల్ ఇవ్వడం, ఎవరైనా చేస్తే ఫోను పట్టుకుని పొలానికి పరిగెత్తడం. "పిల్లలకి ఫోను ఏ వయసులో ఇవ్వాలి" అనే ప్రశ్న అప్పుడు అడిగితే జనం వింతగా చూసేవారు. ఇవ్వడమేటి, అది ఇంటిది కదా.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టం. కరెంటు లేదు, టవర్లు లేవు. హైదరాబాదులో కూర్చుని ఊళ్లో ఉన్న అమ్మ నంబరు ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. మూడో రోజు సాయంత్రం తెలియని నంబరు నుంచి కాల్. గొంతు పిల్లాడిది. "మీ అమ్మగారు బావున్నారండి. రేకులెగిరిపోనాయి. మనిషికేం కాలేదు" అని చెప్పి పెట్టేశాడు. తర్వాత తెలిసింది, తొమ్మిదో తరగతి కుర్రాడు, వాళ్ల నాన్న ఫోను తీసుకుని, సైకిలు మీద సిగ్నలు అందే చోటికి హైవే దాకా వచ్చాడు. వీధిలో ఎవరి పిల్లలు ఎక్కడున్నారో వాళ్ల నంబర్లన్నీ ఒక కాయితం మీద రాసుకుని, వరసగా చేశాడు. ఇలాంటి కుర్రాడికి ఫోనివ్వడానికి వయసు లెక్క చూస్తామా?

ఆ మరుసటి నెలే వేరావల్ నుంచి వేటకెళ్లిన మా వైపు మత్స్యకారుల్ని పాకిస్థాన్‌వాళ్లు పట్టుకున్నారు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చారు. (2025లో వచ్చిన 'తండేల్' సినిమాకి ఆధారం ఇదే.) ఏడాది పైన ఆ ఇళ్లలో ఫోను మోగుతుందేమోనని ఎలా చూసి ఉంటారో ఊహించుకోవచ్చు.

అప్పటికే గూట్లోంచి ఫోను జేబులోకి దిగిపోయింది. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది, డేటా చవకైంది. ఫోను వినేది కాకుండా చూసేదైంది. చూసేదాన్ని ఒక్కరే చూస్తారు. అయినా ఊళ్లలో పిల్లల దాకా రావడానికి ఇంకో కారణం కావాల్సొచ్చింది. 2020 మార్చిలో బళ్లు మూసేశారు. ప్రభుత్వం సప్తగిరి చానల్లో పాఠాలు చెప్పింది, ప్రైవేటు బళ్లు జూమ్‌లోకి పోయాయి. నాన్న ఫోను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పిల్లాడిది. బళ్లు తెరిచాక అది వెనక్కి రాలేదు. అవసరం కోసం ఇచ్చింది, అవసరం తీరాక అక్కడే ఉండిపోయింది. (టెంపరరీ ఫిక్స్ ప్రొడక్షన్‌లో ఎన్నేళ్లుంటుందో మనకి తెలుసుగా.)

తర్వాత ప్రభుత్వమే ఒక నంబరు చెప్పింది: ఎనిమిదో తరగతి. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, రాష్ట్రమంతా ప్రభుత్వ బళ్లలోని ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబ్‌లిచ్చారు. బైజూస్ పాఠాలు ఎక్కించి, మిగతావి తెరవకుండా తాళం వేసి. 2023లో మరో విడత. ఎనిమిదే ఎందుకు? పిల్లల మనసు పరీక్షించి కాదు, పదో తరగతి పరీక్షకి రెండేళ్ల ముందు అది చేతికి రావాలని. మళ్లీ అవసరమే. 2024లో బైజూస్ దివాలా విచారణలోకి వెళ్లింది, రాష్ట్రంలో ప్రభుత్వం మారింది.

మా లంచ్ టేబుల్ మీది 'పదమూడు' కథ ఇంకా బాగుంటుంది. సైన్ అప్ ఫారంలో పుట్టిన తేదీ గడి మనలో చాలామంది రాసే ఉంటాం. పదమూడు కంటే తక్కువైతే వెనక్కి పంపు. ఆ పదమూడు 1998లో అమెరికా చేసిన కోపా చట్టంలోది. అది పిల్లల సమాచారం కంపెనీలు తీసుకోవడం గురించిన చట్టం, పిల్లాడి చేతికి ఏం ఇవ్వాలనే దాని గురించి కాదు. మొదట పదహారు అనుకుని, బేరాల్లో పదమూడుకి దిగారు. మనదేశం 2023లో చేసిన డేటా చట్టం పద్దెనిమిది అంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి సోషల్ మీడియాకి పదహారు అంది. సిమ్ కార్డైతే మన దగ్గర పద్దెనిమిది నిండనిదే ఇవ్వరు. అంటే నేను కొనిచ్చినా ఆ నంబరు చట్టం లెక్కన నాదే. ఇన్ని నంబర్లలో ఒక్కటీ మా అమ్మాయిని చూసి పెట్టింది కాదు.

నిజానికి అమ్మాయికి ఫోనెందుకు అని నన్ను నేను అడిగితే ఇంటి అవసరమేదీ దొరకలేదు. బడి బస్సు గేటు దగ్గరే దింపుతుంది. ఉన్నది దాని అవసరం: స్నేహితులు, పాటలు, తనదంటూ ఒక మూల. మా ఊళ్లో ఏ తరమూ పిల్లలకి ఈ కారణంతో ఏదీ ఇవ్వలేదు. అందుకే మనకి తెలియట్లేదేమో, మన పెద్దవాళ్ల దగ్గర దీనికి ఆనవాలు లేదు. పోనీ కాదందామంటే మా అప్ప గుర్తొస్తుంది. సరే అందామంటే ముసలావిడ బొడ్డులో కవరు గుర్తొస్తుంది.

మొన్న రాత్రి ఆ కవరు సంగతి దానికి చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే నాకొచ్చే మెసేజిలు నువ్వు చదువుతావా నాన్నా?" అంది.

"నువ్వు వినిపిస్తే వింటాను."

"అన్నీనా?"

"ముందు నువ్వు చివరిదాకా చదువుకో. తర్వాత ఏది వినిపించాలో చూసుకో. నీకు మింగుడు పడనిది మాత్రం ఒక్కదానివే ఉంచుకోకు."

ఏమనుకుందో తెలీదు, తలూపింది. ఫోను ఇంకా కొనలేదు. సంక్రాంతికి ఊరెళ్తున్నాం, నాయనమ్మ దగ్గర మూలపడ్డ పాత ఫోను ఉందట, అదే తెచ్చుకుంటానంటోంది. దాని అద్దం పగిలింది, చార్జింగ్ గంటన్నర ఆగదు. నేను ఆ సంగతి చెప్పలేదు.