కారణం గడి నిండాక

గంజాయి తాగితే పిచ్చెక్కుతుందా? 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ తేల్చాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి. అందుకోసం 1892లో పిచ్చాసుపత్రుల్లో చేరినవాళ్ల రికార్డులు తిరగేశారు. మద్రాసు రాజధానిలో అలాంటి ఆసుపత్రులు మద్రాసు, కాలికట్, విశాఖపట్నాల్లో ఉండేవి. విజయనగరం అప్పుడు విశాఖపట్నం జిల్లాలోదే. అక్కడే 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడిందీ 1892లోనే. సాహిత్యం చదువుకున్న నాకు ఆ ఏడాదంటే నాటకమే గుర్తు. ఈ రెండో చరిత్ర తర్వాతెప్పుడో తెలిసింది.

రోగి గంజాయి తాగేవాడని తెలిస్తే చాలు, 'కారణం' గడిలో విచారణ లేకుండానే గంజాయి అని రాసేసేవారని కమిషన్ 1894 నివేదికలో ఒప్పుకుంది. మితిమీరి తాగితే, ముఖ్యంగా మనసు బలహీనంగా ఉన్నవాళ్లకి, పిచ్చి రావచ్చనీ అంది. కారణం గురించి ఇంత తర్కించారు. మరి నయమై ఇంటికెళ్ళినవాడికి మళ్ళీ అన్నం కలుపుకోవడం ఎవరు నేర్పారు? దానికి గడి లేదు.

ఈ ప్రశ్న నాకు మా పిన్ని ఇంట్లో పుట్టింది. పలాస దగ్గర పల్లె. చదువుకోడానికి పట్నం వెళ్ళిన తమ్ముడు గంజాయికి అలవాటుపడి, ఎవరో చంపడానికొస్తున్నారంటూ తలుపులేసుకున్నాడు. ఆసుపత్రిలో చేర్చిన మూడు వారాలకి మాటలు వినబడటం ఆగింది. అందరూ నయమైందన్నారు. కానీ స్నానం చెయ్యడు, పగలంతా పడుకుంటాడు, చిల్లర లెక్కపెట్టలేడు. గంజాయి మళ్ళీ ముట్టకూడదనీ, మందులు సొంతంగా ఆపకూడదనీ, వేళకి నిద్రపోవాలనీ డాక్టరు చెప్పారు. కొందరిలో ఇది దీర్ఘకాలపు జబ్బుగా మారుతుంది కాబట్టి కనిపెట్టుకుని ఉండమన్నారు.

కనిపెట్టుకుని ఉండటమంటే పిన్ని జీడిపప్పు పని మానెయ్యడం. ఆ కూలి పోయింది. పొద్దున్నే లేపి, చేతికి చెంబిచ్చి, నూతి దాకా కూడా నడవడం. మొదట ఒక్క పని, అది కుదిరాక ఇంకోటి. ఊరు మాత్రం కారణం గడి వెంటనే నింపేసింది: తల్లి పెంపకం.

ఎనిమిది నెలలకి పిన్ని ఫోన్ చేసింది. "ఇయ్యాల ఆడే సంతకెల్లి వంకాయలు తెచ్చాడే అమ్మా. సిల్లర కూడా సరిగ్గా తెచ్చాడు."

నా నోటుబుక్కులో 1892 కింద ఆ రోజు తేదీ రాసుకున్నాను.