సిపాయికి ఇచ్చిన మాట

మనవాళ్ళ మధ్య ఇల్లు కొనే ప్రస్తావన వస్తే మొదటి ప్రశ్న "డౌన్ పేమెంట్ ఎంత?" అనే. నేనూ ఆరేళ్ళు కూడబెట్టి కొన్నవాణ్ణే. గృహప్రవేశం నాడు పులిహోర తింటూ మా పక్కింటి పెద్దాయన, "నేను ముందుగా ఒక్క డాలరు కూడా కట్టలేదు" అన్నారు. ఆయన వియత్నాంలో పోరాడి వచ్చిన సైనికుడు. ఆ మాట వెనక కథేమిటా అని చదవడం మొదలుపెడితే, అది ఈ దేశం పుట్టుక దాకా తీసుకెళ్ళింది.

స్వాతంత్ర్య యుద్ధంలో సైనికులకు ఇవ్వడానికి కాంగ్రెస్ దగ్గర డబ్బు లేదు. చివరిదాకా నిలిచిన మామూలు సిపాయికి 100 ఎకరాలు ఇస్తామని 1776లో మాట ఇచ్చింది. 1796లో ఒహాయోలో అందుకు భూమి కేటాయించింది. అది నిన్నటిదాకా మూలవాసుల నేల! పైగా అవసరాల్లో ఉన్న సైనికులు చాలామంది ఆ హక్కు పత్రాలను వ్యాపారులకు చవకగా అమ్ముకున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి సైనికులకు అలా భూమి ఇచ్చే పద్ధతి లేదు. 1945లో చెల్లించేలా 1924లో బోనస్ ప్రకటించారు. ఆర్థిక మాంద్యంలో, ఇప్పుడే ఇమ్మంటూ వేలాది మాజీ సైనికులు భార్యాబిడ్డలతో వాషింగ్టన్ చేరి గుడారాలు వేసుకున్నారు. 1932 జులై 28న సొంత సైన్యమే వాళ్ళను తరిమేసింది. గుడారాలు తగలబడ్డాయి.

ఆ అవమానాన్ని దేశం మరచిపోలేదు. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జీ.ఐ. బిల్లుపై సంతకం చేశారు. చదువుతో పాటు ఇంటి ఋణానికీ అందులో సాయం ఉంది. అప్పు ఇచ్చేది బ్యాంకే, ప్రభుత్వం హామీదారు. మన ఊళ్ళో పెద్దమనిషి పూచీ ఉంటే తాకట్టు లేకుండా అప్పు పుట్టినట్టే! మొదట ఋణంలో సగానికి, 2,000 డాలర్లకు మించకుండా హామీ ఇచ్చారు. 1945లో ఆ పరిమితిని 4,000 చేశారు. 1952 నాటికి ఆ యుద్ధ సైనికులకు సుమారు 24 లక్షల గృహఋణాలు అందాయి. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో బంగాళాదుంపల చేలు 1947 నుంచి నాలుగేళ్ళలో 17,000 ఇళ్ళ లెవిట్‌టౌన్‌గా మారిపోయాయి.

కానీ ఆ ఊరి తలుపు అందరికీ తెరుచుకోలేదు. చట్టంలో ఎక్కడా రంగు మాట లేదు. కాని హామీ ఉన్నా అప్పు ఇవ్వడం బ్యాంకు ఇష్టం, ఇల్లు అమ్మడం బిల్డరు ఇష్టం. మిసిసిపీలోని 13 నగరాల్లో 1947లో లెక్క తీస్తే, 3,229 హామీ ఋణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండంటే రెండు! 1957 ఆగస్టులో పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో విలియం, డెయిజీ మైయర్స్ దంపతులు పిల్లలతో దిగారు. ఆ ఊళ్ళో అదే మొదటి నల్లజాతి కుటుంబం. ఆయనా యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసినవాడే. అయినా రోజుల తరబడి జనం ఇంటి ముందు మూగి రాళ్ళు రువ్వారు. వాళ్ళు కదల్లేదు.

ఇంటి అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968లో వచ్చింది. 1965 వలస చట్టం తెరిచిన దారిలో మన తొలితరం డాక్టర్లు, ఇంజనీర్లు వస్తున్న రోజులవి. వచ్చిన దారి ఒక చట్టం, ఇల్లు కొన్న దారి మరొక చట్టం. ఆ రెండోదాని కోసం దెబ్బలు తిన్నవాళ్ళు మనవాళ్ళు కారు.

ఈనాటికీ మాజీ సైనికులకు డౌన్ పేమెంట్ లేని ఋణం ఉంది. సర్వీసు పూర్తిచేసి రిటైరైనవారు తాము ఎంచుకున్న ఊరికి సామాను చేర్చుకునేందుకు ఒకసారి ప్రభుత్వం ఖర్చు భరిస్తుంది. తీవ్రంగా వికలాంగులైన వారికి ఇంటిని అనువుగా మార్చుకునే గ్రాంటు 1948 నుంచీ ఉంది. మన పిల్లల్లోనూ సైన్యంలో చేరుతున్నవారున్నారు; ఈ సంగతులు వారికి చెప్పండి.

మా పక్కింటాయనకు ఆ ఇల్లు ఊరికే రాలేదు. నా ఇల్లూ కేవలం నా పొదుపుతో రాలేదని ఇన్నాళ్ళకు తెలిసింది.